గమాక్సిన్ నుంచి జన్యువు దాకా: పురుగుమందులను విచ్ఛిన్నం చేసే మట్టి బాక్టీరియా – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు చుట్టుపక్కల పల్లెల నుంచి బంతి, చేమంతి, గులాబి నిత్యం వస్తుంటాయి. బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు తమంత తాము పెరిగే పూలు. మార్కెట్ పూలు సాగుచేసినవి. వాటికి సాధారణంగా పురుగుమందు తప్పదు. ఆహారపదార్థాల్లో పురుగుమందు అవశేషాలకు చట్టం పరిమితులు విధించింది. పూజకూ అలంకరణకూ వాడే పూలు ఆ పరిధిలోకి రావు. వాడిన పూలతోపాటు వాటిపై మిగిలిన మందు కూడా మట్టికో నీటికో చేరుతుంది. మట్టి ఆ మందును ఏం చేస్తుందన్న ప్రశ్నకు భారతీయ పరిశోధకులు అన్వేషించిన సమాధానాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

హార్మోన్లను భంగపరిచే రసాయనాలు

కొన్ని రసాయనాలు శరీరంలో హార్మోన్లను అనుకరిస్తాయి, లేదా వాటి పనిని అడ్డుకుంటాయి. 1991లో అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో థియో కోల్‌బర్న్ చొరవతో సమావేశమైన శాస్త్రజ్ఞులు వీటిని ప్రత్యేక వర్గంగా గుర్తించారు. తెలుగు రైతుకు ఈ వర్గం పేరు కొత్తదే అయినా, సరుకు పాతదే. ఇంట్లో చీమలకూ పొలంలో పురుగులకూ చల్లిన గమాక్సిన్ పొడి అటువంటిదే. దీని శాస్త్రీయ నామం హెక్సాక్లోరోసైక్లోహెక్సేన్. ఇది అనేక రూపాల మిశ్రమం. పురుగును చంపేది ప్రధానంగా గామా రూపం. మిశ్రమంలో అది 10-15 శాతమే. మిగిలినదంతా నిష్ప్రయోజనంగా నేలపాలయ్యేది. అందులోని బీటా రూపం అన్నిటికంటె మొండిది. అది ఈస్ట్రోజెన్‌ను పోలి పనిచేస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఈ మిశ్రమాన్ని భారతదేశం 1997లో నిషేధించింది.

వరిమడి, చెరకుతోట

1973లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఎన్. సేతునాథన్, యోషిదా కలిసి డయాజినాన్ వాడిన వరిమడి నుంచి ఒక బాక్టీరియాను వేరుచేశారు. అది డయాజినాన్‌నూ పారాథియాన్‌నూ విచ్ఛిన్నం చేయగలిగింది. ఈ రెండూ ముఖ్యంగా నాడీవ్యవస్థను దెబ్బతీసే మందులు. 1990లో కటక్‌లో సేతునాథన్ బృందం, గమాక్సిన్ వర్గపు మందు వేసిన చెరకు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలో మరొక బాక్టీరియాను కనుగొంది. అది ఆల్ఫా, బీటా, గామా రూపాలు మూడింటినీ గాలి తగిలే స్థితిలో విచ్ఛిన్నం చేసింది. ఈ రెండు ఆవిష్కరణలకూ ఆధారం ఒకటే: మందు పడిన నేలలోనే దానిని తినే జీవి కూడా వృద్ధి చెందుతుంది.

అనంతపురం, హైదరాబాద్

ఆ జీవికి ఈ శక్తి ఎలా సంక్రమించింది? వరిమడి బాక్టీరియాలో పారాథియాన్‌ను ఛేదించే ఓపీడీ జన్యువు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ వలయంపై ఉంది. వేరొక దేశపు మట్టిలో దొరికిన, వేరొక జాతి బాక్టీరియాలోనూ అదే జన్యువు ఉన్నట్లు 1980లలో తేలింది. తొలుత అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ, తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేసిన దయానంద సిద్దవటం బృందం దీనిపై దృష్టి పెట్టింది. ఈ జన్యువుకు ఇరువైపులా చోటు మారగల డీఎన్‌ఏ భాగాలున్నాయని ఆ బృందం 2003లో వెల్లడించింది. అంటే ఈ విద్య తల్లి నుంచి బిడ్డకే కాక, పొరుగు జీవికి కూడా అందగలదు. గమాక్సిన్‌ను ఛేదించే లిన్ జన్యువుల పక్కన కూడా ఇటువంటి భాగాలే కనిపించాయి.

హద్దులు

ఈ చరిత్రను విజయగాథగా మాత్రమే చదవడం పొరపాటు. విచ్ఛిన్నం కావడమంటే విషం విరిగిపోవడమని అర్థం కాదు. పత్తిచేలలో విస్తారంగా చల్లిన ఎండోసల్ఫాన్‌ను మట్టిజీవులు ఆక్సీకరణం చేసినప్పుడు ఎండోసల్ఫాన్ సల్ఫేట్ ఏర్పడుతుంది. అది మాతృరసాయనమంత విషపూరితం, అంతకంటె ఎక్కువకాలం నిలిచేది. ఆ మందును ఆపింది బాక్టీరియా కాదు; కేరళలోని కాసరగోడ్ బాధితుల దీర్ఘపోరాటం, 2011 మే 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు. పైగా ప్రయోగశాలలో చురుకైన జీవి, పొలంలో తేమ, సేంద్రియ పదార్థం కొరవడితే నిలదొక్కుకోలేదు.

ముగింపు

మందు తినే జీవులు మట్టిలో ఉన్నాయన్నది మరింత మందు చల్లడానికి అనుమతి కాదు. 1973 నాటి బాక్టీరియా తన విద్యను నేర్చింది మనిషి చల్లిన విషం మీదే. ఆ పాఠానికి మూల్యం చెల్లించింది మాత్రం పిచికారీ భుజాన వేసుకున్న కూలీ. నిషేధం మొదటి మెట్టు, జీవశుద్ధి రెండవది. గుడిమల్కాపూర్‌కు పూలు పంపే నేలల్లోనూ ఈ వరుస తారుమారు కాకూడదు.