గట్టి పడక – నడుము నొప్పి

నడుము నొప్పికి గట్టి పడకయే మందని మన యిండ్లలో తరతరములుగా చెప్పుకొనుచున్నాము. ఎక్కడ స్థిరపడినను, నొప్పితో మూలుగు పెద్దల పరుపు తీసివేసి, బల్లమీదనో చాపమీదనో పరుండబెట్టిన కుటుంబములు మనలో అనేకము. వైద్యులును చాలకాలము పరుపు క్రింద చెక్క వేయుడనిరి. ఈ సలహాకు గల ప్రమాణము మాత్రము స్వల్పము.

స్పెయిను దేశపు వైద్యులు దీనిని పరీక్షకు పెట్టిరి. చిరకాలముగా నడుము నొప్పి గల 313 మందిని, చీట్లు వేసి పంచినట్లు, రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు గట్టి పరుపులు, రెండవదానికి మధ్యరకపు గట్టిదనము గలవి ఇచ్చిరి. ఎవరికేది వచ్చినదో వారికి తెలియనీయలేదు. 90 దినముల పిమ్మట, పడకలోని నొప్పియు, లేచునప్పటి నొప్పియు, పనులకు కలుగు ఆటంకమును మధ్యరకపు పరుపువారికే ఎక్కువ తగ్గినవి. 2003లో 'లాన్సెట్' పత్రిక ఈ ఫలితమును ప్రకటించినది.

ప్రక్కకు తిరిగి పరుండినపుడు మిక్కిలి గట్టి పడక భుజమును, తుంటిని మాత్రమే మోయును. నడుము ఆధారము లేక వ్రేలాడును. అట్లని కూరుకుపోవు మెత్తని పరుపు మేలని తలపరాదు. ఆ పరీక్షలో అట్టిది లేదు.

గడ్డకట్టిన దూది పరుపును ఏకించి మరల కుట్టించు మన పాత యలవాటు ఈ మధ్యమార్గమునకు దగ్గరది. పెద్దలను బల్లపై పరుండబెట్టుటకు ముందు, తెల్లవారి లేచునపుడు నడుము ఎట్లున్నదని వారినే అడుగుదము.