గాజువాక దాటని చీకటి

2012 జులై 30. అర్ధరాత్రి దాటి 2 గంటల 33 నిమిషాలు. మధ్యప్రదేశ్‌లోని బీనా నుంచి గ్వాలియర్ వెళ్లే 400 కేవీ లైను మీద లోడు విపరీతంగా పెరిగింది. పక్కనున్న రెండో సర్క్యూట్‌ను పనుల కోసం అప్పటికే ఆపేశారు. తీగ తెగలేదు, ఏదీ కాలలేదు. కానీ లైనుకు కాపలా కాసే రిలే ఆ లోడును ఫాల్ట్‌ అనుకుంది. బ్రేకర్ తెరుచుకుంది. ఆ లైనులో పారుతున్న కరెంటు పక్క దారులు పట్టింది. ఆ భారం మోయలేక అవీ వరసగా ట్రిప్పయ్యాయి. క్షణాల్లో ఉత్తరాది గ్రిడ్ కూలిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ అదే లైను! ఈసారి ఉత్తరంతో పాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా పడిపోయాయి. ఢిల్లీ మెట్రో ఎక్కడికక్కడ ఆగింది. పశ్చిమ బెంగాల్ బొగ్గు గనుల్లో సుమారు 200 మంది కార్మికులు లిఫ్టులు కదలక భూగర్భంలో చిక్కుకుపోయారు. దాదాపు 48,000 మెగావాట్ల లోడు పోయింది. 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతమది.

ఒడిశా కూడా ఆ చీకట్లోనే ఉంది. దాన్ని ఆనుకునే మన శ్రీకాకుళం, విశాఖ. అయినా దక్షిణాది గ్రిడ్ నిలబడింది.

అదృష్టం అన్నారు కొందరు. నేను ఒప్పుకోను. అప్పటికి దక్షిణాది గ్రిడ్‌ను మిగతా దేశంతో ఏసీ లైన్లతో ముడివేయలేదు. ముడివేసి ఉంటే అందరిదీ ఒకే ఫ్రీక్వెన్సీ. ఒకరు పడితే పక్కవాణ్ణీ లాగుతారు. 2012లో మనకున్న ప్రధాన వారధులు విశాఖలోని గాజువాక, మహారాష్ట్రలోని భద్రావతి స్టేషన్లు, ఒడిశాలోని తాల్చేరు నుంచి కర్ణాటకలోని కోలార్‌ దాకా సాగే లైను. మూడూ హెచ్‌వీడీసీయే, అంటే హై వోల్టేజీ డీసీ.

గాజువాక స్టేషన్‌లో వాల్వ్ హాల్ ఉంటుంది. కరెంటు నడుస్తున్నంతసేపూ అందులోకి ఎవరికీ ప్రవేశం లేదు. లోపల దొంతరలు దొంతరలుగా థైరిస్టర్లనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు. ఒక్కొక్కటీ గుండ్రటి సిలికాన్ బిళ్ల. ఒడిశాలోని జయపురం నుంచి వచ్చే ఏసీ ఇక్కడ డీసీ అవుతుంది, అదే ఆవరణలో మళ్లీ మన ఫ్రీక్వెన్సీకి తగ్గ ఏసీగా మారుతుంది. ప్రతి థైరిస్టర్‌నూ సెకనుకు 50 సార్లు ఆన్ చేయాలి. ఏ క్షణంలో ఆన్ చేశారన్న దాన్నిబట్టే అవతలికి ఎంత కరెంటు వెళ్లాలో తేలుతుంది. ఆ నిర్ణయం కంట్రోలర్‌ది. అందుకే అప్పట్లో అవతల గ్రిడ్ ఊగిపోయినా ఆ ఊపు ఇవతలికి వచ్చేది కాదు.

అలాగని దక్షిణాదికి దెబ్బే తగల్లేదని కాదు. తూర్పు నుంచి వచ్చే కరెంటు పోయింది, ఫ్రీక్వెన్సీ జారింది. రిలేలు వాటంతటవే కొన్ని ఫీడర్లను కోసేశాయి. హెచ్‌వీడీసీ కంట్రోళ్లు ప్రవాహాన్ని వెంటనే సవరించాయి. పశ్చిమ గ్రిడ్ నుంచి కొంత కరెంటు అందుతూనే ఉంది. ఆ ఏడు మన పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఊళ్లకు కోతలు మామూలే. కానీ కోత వేరు, కూలిపోవడం వేరు.

2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణం కూడా జాతీయ గ్రిడ్‌లో కలిసింది. ఇప్పుడు కన్యాకుమారి నుంచి కశ్మీర్‌ దాకా ఒకటే ఫ్రీక్వెన్సీ. కలవడం మంచిదే, కరువులో ఒకరికొకరు ఆసరా. అయితే 2012 నాటి అడ్డుగోడ ఇప్పుడు లేదు. పైగా కర్నూలు, అనంతపురం జిల్లాల సోలార్ కరెంటు ఇన్వర్టర్ల గుండా వస్తోంది. థర్మల్ స్టేషన్‌లో గిర్రున తిరిగే భారీ రోటర్లు ఫ్రీక్వెన్సీని ఒక్కసారిగా పడిపోనివ్వవు. సోలార్ ప్యానెల్‌కు ఆ బరువు లేదు. ఆ లోటును పవర్ ఎలక్ట్రానిక్సే తీర్చాలి. బ్యాటరీ తోడై, సరైన కంట్రోల్ ఉంటే ఇన్వర్టర్ రెప్పపాటులో గ్రిడ్‌ను ఆదుకోగలదు.

కాబట్టి కొత్త సోలార్ పార్కు పెడుతుంటే ఎన్ని మెగావాట్లని అడిగి ఊరుకోవద్దు. ఫ్రీక్వెన్సీ జారితే ఎంత వేగంగా ఆదుకుంటుందో కూడా టెండరులోనే రాయించండి.