ఎక్కములును శిశువుల ధారణయు: శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల విద్యాచరిత్రపై ఒక పరిశీలన

ఎక్కములు రాని శిశువును మందమతి యని తలచుట మన పాఠశాలలలో చిరకాలముగ నున్న వాడుక. ఉపాధ్యాయుడు పదిమారులు చెప్పించును. అప్పటికిని రానిచో లోపము పిల్లవాని జ్ఞాపకశక్తిదే యని తీర్మానించును. ఈ తీర్మానము ఎంతవఱకు న్యాయమో విచారించుటకు శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల చరిత్ర మంచి ఆధారము. ఎక్కము ధారణలో నిలుచుటకు రెండు ఊతలు కావలెను: ఒకటి శిశువు పలుకు భాష, రెండవది అతడు చేత కొలిచి చూచు వస్తువు. ఈ రెంటిలో నేది తొలగినను వల్లెవేత వట్టి ధ్వనిగా మిగులును. ఇదియే యీ వ్యాసమున ప్రతిపాదింపబడు విషయము.

మొదట భాషను చూతము. 'రెండు మూళ్ళు ఆరు', 'మూడు నాలుగులు పండ్రెండు' అని మన పిల్లలు చదువుదురు. ఇందు 'మూళ్ళు', 'నాలుగులు' అనునవి బహువచనములు. సమానమగు గుంపులను కూర్చుటయే గుణకార మను అర్థము ఆ బహువచనమునందే యిమిడియున్నది. నాలుగింటి గుంపునకు 'పుంజీ' యని పేరు. ఐదు పుంజీలు ఇరువది యని బేరములో నెఱిగిన పిల్లవానికి 'ఐదు నాలుగులు ఇరువది' యను ఎక్కము క్రొత్త విషయము కాదు. తెలిసినదానికి మఱియొక పేరు మాత్రమే.

ఇక కొలత సంగతి. వీధిబడుల బోధనాక్రమమును విపులముగ వర్ణించిన పత్రములలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో మద్రాసు ప్రభుత్వమునకు పంపిన నివేదిక ముఖ్యమైనది. 1822లో గవర్నరు సర్ థామస్ మన్రో రాజధాని యంతటను విద్యాస్థితిని విచారింపుమని యాజ్ఞాపింపగా వచ్చినది యిది. నాడు శ్రీకాకుళము గంజాము మండలమునను, విజయనగరము విశాఖపట్టణ మండలమునను ఉండి, యదే రాజధానికి లోబడియుండెను. క్యాంబెల్ చెప్పిన ప్రకారము పిల్లలు దినమునకు రెండుమారులు వరుసలు తీరి నిలిచి, పెద్ద విద్యార్థి యొకడు చెప్పగా, కూడికల పట్టికలను, ఎక్కములను, భిన్నములను, కొలతలను వెంట పలుకుచుండిరి. ఆ భిన్నములు పదింటి చొప్పున గాక నాలుగింటి చొప్పున దిగుచుండెనని ఆయన గుర్తించెను.

ఈ నాలుగింటి మెట్లు మన భాషలో స్పష్టముగ నున్నవి. ఒకటిలో నాలుగవ పాలు పాతిక. దానిలో నాలుగవ పాలు వీసము, అనగా 1/16. వీసములో నాలుగవ పాలు కాని, అనగా 1/64. రూపాయకు 16 అణాలు, అణాకు 4 పైసలు. ధాన్యపు కొలతలలో రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు కుంచములు తూము. బడిలో పలికినది కళ్ళమునందు కొలువబడెను. కళ్ళమున కొలిచినది మఱల బడిలో పలుకబడెను. నాటి పిల్లలు అంత పట్టికను ధరించుటకు హేతువు ఈ రాకపోకలేగాని అసాధారణమగు మేధ కాదు. ఇందులకు నిదర్శనము అదే నివేదికలో నున్నది. ఆ పిల్లలే కావ్యభాషలోని పద్యములను అర్థమెఱుగక వల్లించుచున్నారని క్యాంబెల్ విచారపడెను. కంఠస్థము చేయు పద్ధతి రెంటికిని ఒకటే. కాని పట్టికకు జీవనములో నెలవుండెను, పద్యమునకు అర్థము తోడులేదు.

1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చినవి. రూపాయ నూరు నయాపైసలయ్యెను. తరువాతి యేండ్లలో తూనికలు, కొలతలు మెట్రిక్ పద్ధతికి మాఱినవి. లెక్క సులభమయ్యెను, వీసము, కాని అంగడినుండి తొలగగా వాని పట్టికలును తొలగినవి. ఒకటినుండి పదివఱకు గల ఎక్కములు మాత్రము నిలిచినవి. అయితే వానికి ఊతగానుండిన తవ్వ, మానికల కొలుపు పిల్లల చేతినుండి జాఱిపోయెను. వల్లెవేత మిగిలెను, కొలత తొలగెను.

భాషయను ఊత తొలగినప్పుడేమగునో తెలియుటకు ఈ సీమలోని సవరలను తలచుకొనవలెను. శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి విజయనగరమున చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. సమీపపు కొండలలోని సవరల భాషను ఆయన నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, బడులు పెట్టించెను. ఆయన సవర వ్యాకరణము 1931లో వెలువడెను. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా సవరలు రెండు రాష్ట్రములకు చెందినవారైరి.

సవరభాష ముండా కుటుంబములోనిది. దాని లెక్కింపునకు ఆధారము పది కాదు; పండ్రెండు, ఇరువదియు. పండ్రెండువఱకు వేఱు పేర్లు కలవు. పదుమూడనగా పండ్రెండును ఒకటియు. ముప్పదిరెండనగా ఇరువదియు పండ్రెండును. నలువది యనగా రెండిరువదులు.

తొమ్మిదవ ఎక్కమును చూడుడు. పదునెనిమిది, ఇరువదియేడు, ముప్పదియాఱు, నలువదియైదు: పదుల స్థానము ఒకటి పెరుగును, ఒకట్ల స్థానము ఒకటి తగ్గును. తెలుగు చెవికి ఈ మెట్లు వినబడును. సవర పలుకున 18 పండ్రెండును ఆఱును. 27 ఇరువదియు ఏడును. 36 ఇరువదియు పండ్రెండును నాలుగును. 45 రెండిరువదులును ఐదును. అంకెలలో వ్రాసినచో క్రమము కంటికి కనబడును. కాని వల్లెవేత చెవికి చెందినది, చెవికి మెట్లు లేవు. తెలుగు బడిలో సవర శిశువు ఒక్కొక్క సంఖ్యను ఒక లెక్కింపునుండి మఱియొక లెక్కింపునకు మార్చుకొనవలెను. ఆ శ్రమను మాంద్యమనుట అన్యాయము. శిశువు భాషలోనే చదువు చెప్పవలెనను గిడుగువారి సూత్రము గణితమునకును వర్తించుననుటకు ఇంతకంటె నిదర్శనమేల? 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవరతో కూడ ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన నారంభించుట ఆ సూత్రమునకే యాలస్యముగ లభించిన గుర్తింపు.

కావున ఎక్కము రాని శిశువు ఎదుట ఉపాధ్యాయుడు ముందుగ రెండు విషయములు విచారింపవలెను: ఈ సంఖ్యను ఇంటిలో ఎట్లు పలుకుదురు? ఈ గుంపును శిశువు చేత పేర్చి చూచినాడా? చింతపిక్కలను ఏడేసి చొప్పున నాలుగు వరుసలు పేర్చిన పిల్లవాడు, వానిని రెట్టింపు చేసి ఏడెనిమిదులు ఏబదియాఱని తానే తేల్చుకొనును. వరుసలను అడ్డముగ చూచినను నిలువుగ చూచినను మొత్తమొకటే గనుక పదివఱకు గల 100 లబ్ధములలో వేఱైనవి 55 మాత్రమే. ఒకటి, రెండు, ఐదు, పదుల ఎక్కములు సులభముగ వచ్చును. అవి పోగా మిగులునవి 21. తొమ్మిదవ ఎక్కపు మెట్లు తెలిసినచో 15. నూరింటి భారమని భయపడిన శిశువునకు పదునైదని తెలియుటయే సగము ధైర్యము.

వల్లెవేతను నిందించుట నా యుద్దేశము కాదు. అర్థము తెలిసిన పిమ్మట గొంతెత్తి చదువుట వలన వేగము, స్థైర్యము కలుగును. కొందఱు శిశువులకు సంఖ్యాగ్రహణమునందే ప్రత్యేకమగు క్లేశము కలదని నేటి మనశ్శాస్త్రము గుర్తించినది. వారికి మఱింత ఓర్పుతో సహాయము చేయవలసియుండును. కాని ఆ నిర్ణయము పైరెండు ప్రశ్నలకు సమాధానము దొరకిన తరువాత చేయవలసినది. అంతవఱకు ఏ పిల్లనుగాని పిల్లవానినిగాని మందమతి యనుటకు ఉపాధ్యాయునకు అధికారము లేదు.