268వ నంబరు కార్డు

నా వెనకే రండి. ఈ జనంలో తప్పిపోతే మళ్లీ కలుసుకోవడం కష్టం.

ఇది రోజ్‌మాంట్. చికాగో ఓహేర్ విమానాశ్రయం పక్కనే ఉంది. జులై ఆఖరు వారం, బయట ఎండ చురుక్కుమంటోంది. డొనాల్డ్ ఇ. స్టీఫెన్స్ కన్వెన్షన్ సెంటర్ తలుపు దాటగానే ఏసీ చలి ముఖానికి కొట్టింది కదా? ఇంకో గంటలో స్వెటరు తెచ్చుకోవాల్సింది అనుకుంటారు. ఇక్కడందరూ ‘ది నేషనల్’ అని పిలుచుకునే స్పోర్ట్స్ కార్డుల తిరునాళ్ల ఇదే. 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. ఊళ్లు మారుతూ వచ్చి ఈసారి ఇక్కడ ఆగింది. కనుచూపు మేరా బల్లలే.

ముందు వరసల్లో ఆగకండి. గాజు పెట్టెల్లో చిన్న చిన్న లైట్ల కింద మెరుస్తున్నవి స్లాబులు. ఒక కంపెనీ గ్రేడు ఇచ్చి, గట్టి ప్లాస్టిక్‌లో బిగించి సీలు వేసిన కార్డులన్నమాట. ఈ వరసల్లో ఎటు చూసినా బేస్‌బాల్ స్టారు మికీ మాంటిల్ కనిపిస్తాడు. టాప్స్ కంపెనీ 1952లో వేసిన సెట్‌లోని అతని కార్డు ఒకటి 2022 వేలంలో కోటీ 26 లక్షల డాలర్లకి పోయింది. అప్పటినుంచీ ఈ గాజు పెట్టెల ముందు గుంపులు ఇంకా పెరిగాయి. చేతిలో డబ్బుంటే మాంటిల్ కార్డు ఏ పూటైనా దొరుకుతుంది. మనకు కావలసింది ఇక్కడ దొరకదు. వెనక్కి, గోడవారకి పోదాం. అక్కడ బల్లల ముందు కుర్చీలు వేసి ఉంటాయి. కుర్చీ ఉందంటే కూర్చుని, ఓపిగ్గా పెట్టెలు వెతుక్కోవచ్చని అర్థం.

వెళ్లేలోగా నా సంచిలోని ఆల్బమ్ చూడండి. బరువు, రెండు చేతులతో పట్టుకోండి. 1956 టాప్స్ సెట్ ఇది, 340 కార్డులు. ఇప్పటి కార్డులకంటే కాస్త పెద్దవి కాబట్టి తొమ్మిది గదుల మామూలు పేజీల్లో పట్టవు. పేజీకి ఎనిమిది గదులున్నవి విడిగా కొనుక్కోవాలి. ఒక్కటి తప్ప అన్నీ నిండాయి. 34వ పేజీ తిప్పండి. నాలుగో గదిలోంచి వెనక పేజీ కార్డు వీపు కనిపిస్తోంది కదా? 268వ నంబరు లేదు. డేల్ మిచెల్, క్లీవ్‌లాండ్ ఇండియన్స్ అవుట్‌ఫీల్డర్. స్టారు కాదు. వ్యాపారులు ఇలాంటి కార్డుల్ని ‘కామన్స్’ అని కట్టలు కట్టి పక్కన పెడతారు. కొందరైతే ఇక్కడికి తేనే తేరు. బల్ల అద్దె గిట్టదని వాళ్ల లెక్క. అందుకే సెట్ పూర్తిచేసేవాళ్లకి చివరిదాకా తిప్పలు పెట్టేది మాంటిల్ కాదు, ఇదిగో ఇలాంటి కార్డే.

ఇన్ని సంవత్సరాలుండగా 1956 ఎందుకని మీరు అడగక ముందే చెబుతాను. ఆ ఏడాది మొదట్లో బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ తన పోటీదారు బౌమన్‌ని 2 లక్షల డాలర్లకి కొనేసింది. రెండేళ్లుగా బౌమన్ దగ్గరున్న మాంటిల్ మళ్లీ టాప్స్‌కి వచ్చాడు. సెయింట్ లూయిస్ హీరో స్టాన్ మ్యూజియల్ మాత్రం ఒప్పందం చేసుకోలేదు, ఈ సెట్‌లో లేడు. ఆ కాలపు పెద్ద ఆటగాళ్లు దాదాపు అందరూ ఒకే చోట, ఒకే రకం అట్ట మీద కొలువుతీరింది ఇక్కడే. ఇవి చూయింగ్ గమ్ అమ్ముకోడానికి వేసిన కార్డులు. మన ఊళ్లలో బిగ్‌ఫన్ బబుల్‌గమ్ కొని రన్నులూ వికెట్లూ పోగేసినవాళ్లకి ఈ వ్యాపారం సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

నాలుగో పేజీకి రండి. ఈ కార్డులన్నీ అడ్డంగా ఉంటాయి. ఒక పక్క ఆటగాడి ముఖం, పెద్దగా, రంగులద్ది. దాని వెనక అదే ఆటగాడు మైదానంలో. 30వ నంబరు జాకీ రాబిన్సన్. మేజర్ లీగుల్లో నల్లవాళ్ల మీద దశాబ్దాలుగా ఉన్న వెలిని 1947లో బద్దలుకొట్టిన మనిషి. ఆడుతున్న రోజుల్లో టాప్స్ అతనికి వేసిన చివరి కార్డిది. ఆ సీజన్ అయ్యాక ఆట మానేశాడు. పక్కనే 31వ నంబరు హాంక్ ఆరన్. ముఖం ఆరన్‌దే. వెనక మట్టిలో జారుకుంటూ వస్తున్నవాణ్ణి దగ్గరగా చూడండి, అతను ఆరన్ కాదు, విల్లీ మేస్. చిత్రకారుడు మేస్ ఫొటో తీసుకుని, బట్టల మీద మిల్వాకీ బ్రేవ్స్ రంగులు పూసేశాడు. ఇద్దరు మహా ఆటగాళ్లు ఒకే కార్డు మీద, ఒకరి పేరుతో! ఈ కార్డు దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను కాసేపు ఆగిపోతాను.

ఇప్పుడు మొదటి పేజీ. 4వ నంబరు కార్లోస్ పావ్లా. పేరు విని ఉండరు. హవానా నుంచి వచ్చాడు. 1954 సెప్టెంబరులో వాషింగ్టన్ సెనేటర్స్ తరఫున దిగిన మొదటి నల్లజాతి ఆటగాడు. మూడు సీజన్లకే కెరీర్ ముగిసింది. అతని తర్వాతి గదిలోనే 5వ నంబరు, పెద్ద స్టారు టెడ్ విలియమ్స్. రెండు గదులూ ఒకే కొలత. స్టార్ల కార్డులు మాత్రమే ఏరుకునేవాళ్లంటే నాకు గౌరవమే. కాని వాళ్ల చేతికి పావ్లా ఎప్పటికీ రాడు. సెట్ కట్టేవాడు మాత్రం పావ్లా కోసం వెతకాలి, బేరమాడాలి, అతనెవరో తెలుసుకోవాలి. నేనీ పని ఎంచుకున్నది అందుకే.

ఇదిగో, ఈ బల్ల. నల్లగుడ్డ మీద పొడుగాటి తెల్ల అట్టపెట్టెలు, మధ్యమధ్య నంబర్లు రాసిన అట్టముక్కలు. చిన్న టేబుల్ లైటు. వెనకాల కూర్చున్న పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నారు.

“ఏ సంవత్సరం?”

“యాభై ఆరు.”

“ఎన్ని కావాలి?”

“ఒక్కటే. 268.”

“మిచెల్” అన్నారు పెట్టె తెరవకుండానే. ఆయన వేళ్లు అప్పటికే మూడో పెట్టెలో నడుస్తున్నాయి.

మూడు కార్డులు తీసి గుడ్డ మీద పరిచారు. మీరూ కుర్చీ దగ్గరికి లాక్కోండి, ఈ పని తొందరపడితే కాదు. మొదటిది చూడగానే బావుంది, మూలలు పదునుగా ఉన్నాయి. ఇప్పుడు దాన్ని లైటు కింద ఏటవాలుగా వంచుతాను. మెరుపు మీద సన్నని గీత, చూశారా? ముడత పడింది. ఎదురుగా చూస్తే కనపడదు. ఒకప్పుడు ఏ కుర్రాడి జేబులోనో నలిగి ఉంటుంది. వద్దు.

రెండోదాని అంచులు మరీ తిన్నగా, మరీ తెల్లగా ఉన్నాయి. అనుమానం వస్తే కొలబద్ద తియ్యక్కర్లేదు. పెద్దాయన పెట్టెలోంచే ఇంకో మామూలు కార్డు అడిగి, దీని కింద పెడతాను. పై అంచు కలిసింది. కుడి అంచున వెంట్రుకవాసి తక్కువ. అరిగిన అంచుని ఎవరో కత్తిరించి కొత్తగా చేశారు. పెద్దాయన ముందుకు వంగి చూసి, ఏమీ అనకుండా దాన్ని పెట్టెలో పెట్టకుండా పక్కన పడేశారు. ఈయన దగ్గరికే నేను మళ్లీ మళ్లీ వచ్చేది ఇందుకే.

మూడోది. మూలలు కాస్త మెత్తబడ్డాయి, నా ఆల్బమ్‌లో మిగతావాటికీ అంతే. బొమ్మ చుట్టూ తెల్ల అంచు ఎడమవైపు కొంచెం ఎక్కువ, కుడివైపు కొంచెం తక్కువ. పరవాలేదు. వంచితే గీత లేదు. రబ్బరు బ్యాండు కోసిన గాటు లేదు. పిల్లలు సైకిలు చక్రం చువ్వల మధ్య గుచ్చి తిప్పిన ఆనవాళ్లూ లేవు. వెనక్కి తిప్పితే మూడు చిన్న కార్టూను బొమ్మలు, వాటి కింద రెండే వరసల లెక్కలు: నిరుటి సీజనూ, మొత్తం కెరీరూ. మూల దగ్గర గోధుమరంగు మరక. ప్యాకెట్‌లో గమ్ముకి ఆనుకుని కూర్చున్న కార్డు ఇదే అయి ఉండాలి. ఆ మరకతోనే నాకు కావాలి.

పెద్దాయన ధర కాగితం వెతుకుతున్నారు. ఈలోగా ఆల్బమ్ మీ ఒళ్లో పెట్టుకోండి. ఈ కార్డు లేక ఏమి ఆగిపోయిందో చూపిస్తాను.

1956 అక్టోబరు 8, యాంకీ స్టేడియం, వరల్డ్ సిరీస్ అయిదో ఆట. యాంకీస్ పిచర్ 332వ నంబరు డాన్ లార్సెన్. రెండో ఆటలో రెండు ఇన్నింగ్స్ కూడా నిలవలేకపోయినవాడు. ఇవాళ అతని బంతికి బ్రూక్లిన్ డాడ్జర్స్‌లో ఒక్కడూ బేస్ చేరడం లేదు. రెండో ఇన్నింగ్స్‌లో 30వ నంబరు రాబిన్సన్ కొట్టిన బంతి 12వ నంబరు ఆండీ కేరీ చేతికి తగిలి పక్కకి ఎగిరింది. 225వ నంబరు గిల్ మెక్‌డూగల్డ్ దాన్ని అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరాడు, రాబిన్సన్ అవుట్. అయిదో ఇన్నింగ్స్‌లో 145వ నంబరు గిల్ హాడ్జెస్ బలంగా కొట్టిన బంతి వెంట 135వ నంబరు మాంటిల్ పరుగెత్తి పట్టేశాడు. పేజీలు తిప్పుతూ ఉండండి, అందరూ ఇక్కడే ఉన్నారు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌కి వచ్చాం. స్టేడియంలో 64 వేలమందికి పైగా జనం. 190వ నంబరు కార్ల్ ఫ్యూరిల్లో కొట్టిన బంతి గాల్లోకి లేచి 177వ నంబరు హాంక్ బావర్ చేతుల్లో పడింది. 101వ నంబరు రాయ్ కాంపనెల్లా కొట్టింది నేలబంతి, 181వ నంబరు బిల్లీ మార్టిన్‌కి దొరికింది. 26 మంది వచ్చారు, 26 మందీ వెనక్కి పోయారు. ఇప్పుడు డాడ్జర్స్ పిచర్ బదులు బ్యాట్ పట్టుకుని వస్తున్నాడు ఇరవై ఏడోవాడు, ఇతనూ అవుటైతే ఆట ముగుస్తుంది.

అతనే మిచెల్. జులై చివర్లో డాడ్జర్స్ అతన్ని క్లీవ్‌లాండ్ నుంచి తెచ్చుకున్నారు. కార్డు అప్పటికే అచ్చయింది కాబట్టి దీని మీద పాత జట్టు టోపీయే ఉంది. పదకొండు సీజన్లలో సగటు .312. మొత్తం కెరీర్‌లో స్ట్రైక్‌అవుట్ అయింది 119 సార్లే. అంత తేలిగ్గా బంతి వదిలే మనిషి కాదు. రెండు స్ట్రైకులు పడ్డాయి. లార్సెన్ తొంభై ఏడో బంతి వేశాడు. మిచెల్ బ్యాట్ సగం కదిపి ఆపేశాడు. అంపైర్ చెయ్యి లేచింది: మూడో స్ట్రైక్, అవుట్. 110వ నంబరు యోగి బెర్రా పరుగెత్తుకొచ్చి లార్సెన్ మీదికి ఎగిరి కరుచుకున్నాడు. ఎదుటి జట్టులో ఒక్కణ్ణీ బేస్ చేరనివ్వని ఆటని పర్ఫెక్ట్ గేమ్ అంటారు; వరల్డ్ సిరీస్ మొత్తం చరిత్రలో అలాంటిది ఇదొక్కటే. ఆ బంతి బయటికి పోయిందని మిచెల్ ఆ తర్వాత కూడా అంటూనే ఉన్నాడు. ఆ సిరీస్ తర్వాత అతను మేజర్ లీగుల్లో మళ్లీ ఆడలేదు.

ఇన్నాళ్లూ నా ఆల్బమ్‌లో ఈ ఆట ఇరవై ఆరో అవుట్ దగ్గరే ఆగి ఉంది. లార్సెన్ ఉన్నాడు, బెర్రా ఉన్నాడు. వాళ్లకి ఎదురుగా నిలబడాల్సిన మనిషే లేడు.

“22” అన్నారు పెద్దాయన.

“ఎడమ అంచు చూడండి. 18.”

“గమ్ మరక నీకు నచ్చింది కదా. 20.”

“ఇది ఆఖరు కార్డండీ.”

ఆయన నా ఆల్బమ్ వైపు చూశారు. చెయ్యి చాపి 34వ పేజీ తిప్పారు. నాలుగో గదిని వేలితో తడిమారు. “18” అన్నారు.

మీరే పెట్టండి. ముందు ఒక మూల, తర్వాత రెండోది, ఒత్తకుండా. జారింది. ఇప్పుడు ఎనిమిది పేజీలు ముందుకి తిప్పి 42వ పేజీ చూడండి. లార్సెన్‌దీ నాలుగో గదే. నంబర్ల లెక్క అలా కుదిరింది, అంతే. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఆఖరి పేజీలో నాలుగు కార్డుల తర్వాత ఇంకో రెండున్నాయి, గమనించారా? చెక్‌లిస్టులు. వాటికి నంబర్లు లేవు. అందుకే సెట్ అంటే 340 అని కొందరు, 342 అని కొందరు ఇప్పటికీ వాదులాడుకుంటారు. నేను 342 వైపు. వీటిలో పెన్సిల్ గీతలు లేనిది దొరకడం కష్టం. దొరికిన కార్డు పక్కన టిక్కు పెట్టుకోమని పిల్లలకి ఇచ్చినవే మరి.

“గీతల్లేని చెక్‌లిస్టు నా దగ్గరుంది, దీన్ని మారుస్తావా?” అడిగారు పెద్దాయన.

నా కార్డు మీద ఒక కుర్రాడు పెట్టిన టిక్కులున్నాయి. మొదట్లో వరసగా, గట్టిగా ఒత్తి పెట్టాడు. పోనుపోను ఎడం పెరిగింది. 290 దాటాక ఒక్కటీ లేదు. బడి తెరిచారో, డబ్బులైపోయాయో. అక్కర్లేదండీ, ఇదే ఉంచుకుంటానన్నాను.

ఆయన తల ఊపి, బల్ల కిందికి వంగి ఇంకో పెట్టె పైకెత్తారు. మూత మీద 1955 అని రాసుంది. ఆ ఏడాది టాప్స్ సెట్‌లో 210 దాకా నంబర్లున్నా కార్డులు 206 మాత్రమే. 175, 186, 203, 209 నంబర్లు అసలు అచ్చే కాలేదు. కాబట్టి ఆ నాలుగింటి కోసం ఎవరూ వెతకనక్కర్లేదు.

మీకేమైనా తొందరుందా? లేకపోతే కూర్చోండి. 1వ నంబరు నుంచి చూద్దాం.