తాలింఖానా నుండి సైనిక పాఠశాల వరకు

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, వరిచేలు, వేదఘోష వినిపించు అగ్రహారములు స్మరణకు వచ్చును. ఆయుధవిద్య స్మరణకు రాదు. అయినను దసరా దినములలో అమలాపురము వీధులలో నిలిచి చూచినవారికి ఈ సీమకు వేరొక సంప్రదాయము కూడ కలదని తెలియును. అదియే చెడీ తాలింఖానా. దానిని గూర్చియు, దానికి దాయాదియైన సైనిక విద్యను గూర్చియు నాలుగు మాటలు మనవి చేయ దలచితిమి.

'ఛడీ' అనగా కర్ర, 'తాలీము' అనగా శిక్షణ, 'ఖానా' అనగా గృహము. పేరును బట్టి చూచినచో ఇది ఉత్సవము కాదు, విద్యాలయము. కొంకాపల్లికి చెందిన అబ్బిరెడ్డి రామదాసు 1856లో దీనిని ప్రారంభించెననియు, పరాయి ప్రభుత్వము నెదుర్కొనుటకు యువకులను సిద్ధపరచుటయే ఆయన సంకల్పమనియు అమలాపురవాసులు తరతరములుగా చెప్పుకొనుచున్నారు.

ఆ దినములలో తెలుగు బాలునకు ఆయుధవిద్య నేర్చుటకు వేరొక తావు ఏది? 1857 నాటి తిరుగుబాటు తరువాత ఆంగ్ల ప్రభుత్వము 1878లో ఆయుధముల చట్టము చేసి, అనుమతి లేక ఆయుధము ధరించుటను నేరముగా నిర్ణయించెను. సైనికులను చేర్చుకొనుటలో పంజాబు వంటి వాయవ్య ప్రాంతములకు మొగ్గు చూపెను. పూర్వము చెన్నపట్టణపు సేనలో విరివిగా నుండిన తెలుగువారి సంఖ్య క్రమముగా తగ్గిపోయెను. ఇక అధికారి పదవి మాట చెప్పనక్కరలేదు. ఇంగ్లండులోని శాండ్‌హర్స్టు కళాశాల తలుపులు భారతీయ యువకులకు 1918లో గాని తెరచుకొనలేదు. డెహ్రాడూనులో బాలుర సైనిక కళాశాల 1922లోను, సైనిక అకాడమీ 1932లోను వెలసినవి. గోదావరి పాయల నడుమ నున్న అమలాపురము, రాజోలు, కొత్తపేట తాలూకాల సామాన్య కుటుంబములకు అవి అందని ఫలములు. కావున వీధియే ఇచ్చట కళాశాల యయ్యెను.

ఈ కళాశాలకు ప్రవేశ పత్రము లేదు, పట్టము లేదు. పెద్దలు నేర్పుదురు, పిన్నలు నేర్తురు. కర్ర త్రిప్పుట, కత్తిసాము, బల్లెము పట్టుట ఇందలి పాఠములు. కొంకాపల్లి, మహిపాలవీధి, గండువీధి మున్నగు వీధులవారు ఎవరి జట్టుతో వారు, ఎవరి వాహనముతో వారు ఊరేగింపుగా వత్తురు. ఊరంతయు పరీక్షాధికారియే. ఒకడు నేలపై పరుండును. వాని దేహముపై ఒక కాయ నుంతురు. కండ్లకు గంతలు కట్టుకొన్న వేరొకడు కత్తి యెత్తి ఆ కాయను రెండు చేయును. చూచువారు కత్తి పట్టినవాని నేర్పును మెచ్చుకొందురు. పరుండినవాని నమ్మకము కూడ అంత గొప్పదే యని మా అభిప్రాయము. తోటివాని చేతిని నమ్మి ప్రాణ మప్పగించుట ఏ సైన్యమునకైనను మొదటి పాఠము కదా!

స్వాతంత్ర్యానంతరము తలుపులు తెరచుకొన్నవి. ఖడక్‌వాస్లాలో జాతీయ రక్షణ అకాడమీ 1955లో ప్రారంభమయ్యెను. రక్షణమంత్రి వి.కె. కృష్ణమేనను పూనికతో 1961 నుండి రాష్ట్రములలో సైనిక పాఠశాలలు వెలసినవి. విజయనగర రాజవంశీయులైన పి.వి.జి. రాజుగారు ఇచ్చిన కోరుకొండ రాజభవనములో 1962 జనవరి 18న తెలుగునాటి సైనిక పాఠశాల వెలసినది. ప్రవేశ పరీక్షలో నెగ్గిన పిల్లలు ఆరవ తరగతిలో గాని తొమ్మిదవ తరగతిలో గాని చేరుదురు. వేకువనే వ్యాయామము, పగలు చదువు, సాయంకాలము ఆటలు, రాత్రి మరల చదువు. పక్క సర్దుకొనుట మొదలు బూట్లకు మెరుగు పెట్టుట వరకు ఎవరి పని వారిదే. రాజభవనములో నివాసమే గాని రాజభోగము లేదు! 2021 నుండి సైనిక పాఠశాలలన్నింట బాలికలకును ప్రవేశము లభించినది.

అచ్చటి నుండి ఖడక్‌వాస్లాకు చేరినవారు శిక్షణ ముగిసిన దినమున మందగమనముతో కవాతు చేయుచు 'అంతిమ్ పగ్', అనగా కడపటి అడుగు, దాటుదురు. 2025 మే 30న 17 మంది యువతులు మొట్టమొదటిసారిగా ఆ అడుగు దాటిరి. డెహ్రాడూను అకాడమీలో తల్లిదండ్రులే బిడ్డల భుజములపై నక్షత్రములు తొడుగుదురు.

ఈ రెండు వేడుకలను పక్కపక్కన నుంచి చూచినచో ఒక భేదము గోచరించును. సైనిక కళాశాలలో ఏండ్ల తరబడి సాగిన శిక్షణకు వేడుక కడపటి అంకము. సాధన లేనిదే వేడుక లేదు. కోనసీమలో నేడు పరిస్థితి తారుమారైనది. వేడుక దగ్గరపడినప్పుడే సాధన మొదలగుచున్నది. చదువులకు, కొలువులకు యువకులు దూరదేశములకు పోవుచుండ, దసరా ఒక్కటే ఆ విద్యను నిలబెట్టుచున్నది. వేడుక లేకున్న ఇది ఏనాడో అంతరించియుండును. అయినను వేడుక మాత్రమే మిగిలినచో ఖానా యుండును, తాలీము ఉండదు.

కావున దీపాలంకరణములకు, వాద్యములకు ఇచ్చు ధనములో కొంత ఏడాది పొడుగునను నేర్పు పెద్దలకు చేరవలెనని మా విన్నపము. తమ వీధి పిల్లవాని నొకనిని, వీలైనచో ఆడపిల్లను కూడ, పండుగకు ఎన్నో నెలల ముందే ఆ ఆవరణకు పంపుట ప్రతి గృహస్థునకు సాధ్యమైన పని. పరుండినవాడు నమ్మవలసినది ఆ సాధన చేసిన చేతినే.