పట్టేస్తున్నది ఎక్కడ?

ఒహాయోలో ఎరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ ఉంది. అమెరికా జాతీయ షూటింగ్ పోటీలు 1907లో అక్కడికి చేరాయి. అక్కడికి వెళ్లే దారిలో ఉన్న ఒక తుపాకుల మరమ్మతు షెడ్డులో, బల్ల పక్కన నిలబడ్డారు మీరు. నూనె వాసన. గోడకి వరసగా ఆకురాళ్లు. బల్ల మీద 1911 మోడల్ పిస్టల్. షెడ్డు నడిపే పెద్దాయన మ్యాగజైన్ ఊడదీశాడు, ఛాంబర్‌లోకి చూశాడు, చూసింది చాలక చిటికెనవేలు పెట్టి తడిమాడు. తూటాలు ఈ గదిలోకి రానివ్వడు.

పిస్టల్ తెచ్చిన కుర్రాడికి పోటీ దగ్గరపడింది. బ్యారెల్ మూతిని, పైన జారే స్లైడ్‌లో కదలకుండా పట్టి ఉంచే ఉక్కు కడియం, బుషింగ్, పాతదై వదులైంది. బిగుతైనది కొని తనే వేశాడు. ఇప్పుడు స్లైడ్ వెనక్కి లాగితే మొదటి పావు అంగుళంలోనే పట్టేస్తోంది.

"కాస్త అరగదీస్తే చాలదా?" అంటూ ఆకురాయి అందుకోబోయాడు.

"ఎక్కడ అరగదీస్తావ్?"

కుర్రాడి దగ్గర జవాబు లేదు.

పెద్దాయన ముందు రికాయిల్ స్ప్రింగ్ తీసి పక్కన పెట్టాడు. అది ఉంటే దాని బలమే చేతికి తెలుస్తుంది, రాపిడి తెలియదు. స్ప్రింగ్ లేకుండా తిరిగి బిగించి, పిస్టల్ మీ చేతికిచ్చాడు. స్లైడ్ మెల్లగా లాగండి. ఇదిగో, ఇక్కడ! ఉక్కు ఉక్కుని కరిచినట్టు ఆగింది. పాత బుషింగ్ వేసి లాగితే నున్నగా జారిపోయింది. అంటే బ్యారెల్ కింద ఉండే లింక్ మీద అనుమానం అక్కర్లేదు. దాని రెండు రంధ్రాల మధ్య దూరం మామూలుగా 0.278 అంగుళాలు. బిగుతు కోసం కొందరు పొడుగు లింక్ వేస్తారు. అప్పుడు బ్యారెల్ సమయానికి కిందికి దిగక, దాని పైనున్న పళ్లు, లగ్‌లు, దెబ్బతింటాయి. ఆ జబ్బు వేరు.

కొత్త బుషింగ్‌ని విడిగా స్లైడ్‌లో తిప్పాడు, తిరిగింది. విడిగా బ్యారెల్ మీద తోశాడు, జారింది. రెండు చోట్లా బాగానే ఉన్నది కలిపితే ఎందుకు మొరాయిస్తోంది? ఈ పనిలో అసలు మజా ఇదే. స్లైడ్ వెనక్కి కదలగానే లింక్ బ్యారెల్ వెనక భాగాన్ని కిందికి లాగుతుంది, మూతి పైకి లేస్తుంది. తిన్నగా ఉన్నప్పుడు సరిపోయిన బుషింగ్ కన్నం, బ్యారెల్ వాలేసరికి ఇరుకవుతుంది. మంచి బుషింగ్‌లో సందు 0.001 అంగుళం దగ్గర ఉంటుంది. తలవెంట్రుక అంతకన్నా లావు.

కన్నం లోపల నల్ల మార్కర్ పూసి, బిగించి, నాలుగుసార్లు ఆడించి విప్పాడు. రంగు రెండే చోట్ల చెరిగింది: ముందంచున పైన, వెనకంచున కింద. సన్నటి కర్రకి ఎమరీ కాగితం చుట్టి, కర్రని కాస్త వాల్చి, ఆ రెండు మరకల మీదే నాలుగు రుద్దులు. తుడిచాడు, రంగు పూశాడు, బిగించాడు, లాగాడు. ఇంకా కొంచెం పట్టింది. మళ్లీ మొదటినుంచి. కన్నం చుట్టూతా రుద్దితే పని ఎప్పుడో అయిపోయేది, డబ్బు పోసి కొన్న బిగుతూ దాంతోపాటే పోయేది.

చేతులు ఆడుతుండగానే మాటలు. రెండో ప్రపంచయుద్ధంలో ఈ పిస్టల్‌ని కోల్ట్‌తోపాటు రెమింగ్టన్ రాండ్, ఇథాకా, యూనియన్ స్విచ్ కంపెనీలూ తయారు చేశాయి. కుట్టుమిషన్ల సింగర్ కూడా 500 చేసింది. ఒకదాని భాగం ఇంకోదానిలో కూర్చోవాలన్నది సైన్యం షరతు, అందుకే సందులు వదిలారు. పోటీలవాళ్లకి ఆ సందులే పనికిరావు. వాళ్ల కోసం చేసే భాగాలు కావాలనే కాస్త లావుగా వస్తాయి, పిస్టల్‌ని బట్టి అరగదీసుకోమని.

ఈసారి స్లైడ్ ఎక్కడా ఆగలేదు. స్ప్రింగ్ వేసి మరికొన్నిసార్లు ఆడించాడు.

"ఇంట్లో ఇలాంటిదే ఇంకోటుంది," అన్నాడు కుర్రాడు. "ఈ బుషింగ్ దానికీ పనికొస్తుందా?"

"రాదు. దాన్నీ తీసుకురా, విప్పి చూద్దాం."