గంట ఎప్పుడు మ్రోగవలెను? – శ్రీహరికోట నేర్పిన పాఠము

పాఠశాలకు హాజరుపట్టీ ఉన్నట్లే ప్రతి సర్వర్‌కును ఒక సంఘటనల చిట్టా ఉండును. తిరుపతిలో ఒక యాత్రికుడు దర్శనపు టికెట్టు కొరకు ఫోనులో వెదకినను, చిత్తూరులో ఒక రైతు తన బ్యాంకు ఖాతా చూచుకొన్నను, ఎక్కడనో ఒక సర్వర్ ఆ సంగతిని గంట, నిమిషములతో సహా ఒక పంక్తిగా వ్రాసికొనును. పెద్ద సంస్థలలో ఇట్టి పంక్తులు దినమునకు లక్షలకొలది పోగగును. వానినన్నిటిని చదువుట మనుష్యునికి సాధ్యము కాదు. అందుచేత చిట్టాను కనిపెట్టియుండుటకు వేరొక సాఫ్ట్‌వేర్‌ను నియమింతురు. అయితే అది ఏ పంక్తిని చూచి గంట మ్రోగింపవలెను? దానిని నిర్ణయించునది ఎవరు? ఈ ప్రశ్నకు ఒక చరిత్ర కలదు. అందొక ముఖ్యమైన అధ్యాయము మన శ్రీహరికోటలోనే జరిగినది.

ఇంగ్లీషులో చిట్టాకు ‘లాగ్’ అను పేరు నావికుల నుండి వచ్చినది. లాగ్ అనగా కొయ్యదుంగ. ముడులు వేసిన త్రాటికి కొయ్యముక్కను కట్టి సముద్రములో వదలి, ఎన్ని ముడులు జారినవో లెక్కించి ఓడ వేగమును కనుగొనెడివారు. ఆ లెక్కలు వ్రాసిన పుస్తకమే లాగ్ పుస్తకమైనది. కంప్యూటర్ల విషయమున ఈ పద్ధతికి ఒక రూపము నిచ్చినవాడు ఎరిక్ ఆల్‌మన్. ఆయన 1980వ దశకపు తొలి సంవత్సరములలో, అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున, ఉత్తరములను చేరవేయు ‘సెండ్‌మెయిల్’ అను ప్రోగ్రాముకు తోడుగా ‘సిస్‌లాగ్’‌ను రచించెను. 2001లో దాని పద్ధతి గ్రంథస్థమైనది. 2009లో ప్రమాణముగా వెలువడినది.

సిస్‌లాగ్‌లో ప్రతి సంఘటనకును 0 నుండి 7 వరకు ఒక అంకె నిత్తురు. 0 అనగా యంత్రము పనికిరాని స్థితి, 3 అనగా దోషము, 4 హెచ్చరిక, 6 కేవల సమాచారము, 7 ప్రోగ్రాము వ్రాయువారికి మాత్రమే ఉపయోగించు వివరము. అంకె తగ్గిన కొలది ప్రమాదము హెచ్చు. ఏ అంకె వరకు గంట మ్రోగవలెను, ఎవరికి కబురు పోవలెను, చిట్టాను ఎన్నాళ్లు దాచవలెను అను విషయములను అన్ని యంత్రములకును కలిపి ఒకేచోట నిర్ణయించుటయే సార్వత్రిక నిర్దేశము. గడియారములన్నియు ఏకముగా నడచుటయు ఇందులో చేరినదే. రెండు సర్వర్ల గడియారములు భేదించినచో ఏది కారణమో, ఏది ఫలితమో తెలియకుండపోవును. మన దేశమున 2022 ఏప్రిల్ 28వ తేదీన వెలువడిన ప్రభుత్వాదేశము ప్రకారము సంస్థలు తమ చిట్టాలను 180 దినములు భద్రపరుపవలెను. గడియారములను జాతీయ కాలప్రమాణముతో సరిపోల్చుకొనవలెను.

రాకెట్టును పంపు కంప్యూటరు కార్యాలయములోని సర్వర్ వంటిది కాదు. అయినను రెండింటికిని ధర్మము ఒక్కటే: ముందుగా ఏర్పరచిన హద్దులతో సంఘటనలను పోల్చి, హద్దు మీరినప్పుడు తెలియజేయుట. పులికాట్ సరస్సుకును బంగాళాఖాతమునకును నడుమ నున్న శ్రీహరికోట 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోనిది. అంతకు పూర్వము నెల్లూరు జిల్లాలో నుండెను. అచ్చట 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగము జరిగినది. మరికొన్ని నిమిషములలో రాకెట్టు లేవవలసియుండగా కంప్యూటరు ప్రయోగమును నిలిపివేసినది. నియంత్రణ వ్యవస్థలోని ఒక భాగము సరిగా లేదని దాని తెర తెలిపినది. ఇంధనపు నిలువ చాలినంత యున్నది, భయము లేదని నిపుణులు చెప్పిరి. ప్రాజెక్టు నాయకుడు ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ కంప్యూటరు మాటను ప్రక్కనబెట్టి రాకెట్టును పంపిరి. మొదటి దశ చక్కగా పనిచేసినది. రెండవ దశలో నియంత్రణ తప్పి రాకెట్టు బంగాళాఖాతమున పడిపోయినది. ఈ కథను కలామ్ అటుపిమ్మట విద్యార్థుల ఎదుట దాపరికము లేకుండ పలుమార్లు చెప్పిరి. 1980 జులై 18న అదే తరగతి రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది.

రెండవ ఘట్టము 2001 మార్చి 28న జరిగినది. ఆనాడు జి.ఎస్.ఎల్.వి.-డి1 ప్రయోగము. దాని నడిమి భాగములో సుమారు 125 టన్నుల ఘన ఇంధనము కలదు. చుట్టును నాలుగు ద్రవ ఇంధన బూస్టర్లు కలవు. ఘన ఇంధనము ఒకసారి అంటుకొన్న పిమ్మట ఆర్పుటకు వీలులేదు. ద్రవ ఇంధనపు ఇంజనునైతే ఆర్పవచ్చును. అందుచేత బూస్టర్లను కొన్ని సెకన్లు ముందుగా వెలిగించి, నాలుగును తగినంత బలము నిచ్చుచున్నవని తేలిన పిమ్మటనే నడిమి భాగమును వెలిగింపవలెనని నియమము చేసిరి. ఆనాడు ఒక బూస్టరు బలము హద్దును చేరలేదు. ఒక్క సెకను మాత్రమే మిగిలియుండగా కంప్యూటరు ప్రయోగమును ఆపివేసినది. అంత స్వల్ప కాలములో ఏ మనుష్యుడును ఆలోచింపజాలడు. ఆలోచన ముందే జరిగియుండెను. రాకెట్టు వేదికపైననే నిలిచినది. 21 దినముల తరువాత, ఏప్రిల్ 18న, అదే రాకెట్టు ఆకాశమున కెగసెను.

అయితే గంట మ్రోగినప్పుడెల్ల యంత్రములోనే దోషముండునా? 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షావాహనము టి.వి.-డి1 ప్రయోగము 5 సెకన్లు మిగిలియుండగా నిలిచిపోయినది. పర్యవేక్షణలో ఏర్పడిన అవకతవక అందుకు కారణమని నాటి ఇస్రో అధ్యక్షుడు ఎస్. సోమనాథ్ తెలిపిరి. దోషమును వెంటనే కనుగొని సరిదిద్ది, ఆ ఉదయమే 10 గంటలకు ప్రయోగమును పూర్తిచేసిరి. కావలివాడే పొరబడినను కలిగిన నష్టము కొంత ఆలస్యము మాత్రమే. నిజమైన హెచ్చరికను త్రోసివేసినచో రాకెట్టే పోవును.

ఆకు కదలినప్పుడెల్ల మొరిగెడు కుక్కను మామిడితోట కాపరి లెక్కచేయడు. దొంగ వచ్చిననాడును అది మొరిగినదని ఊరకుండును. దొంగను చూచియు మొరుగని కుక్క అసలే పనికిరాదు. సర్వర్లకు హద్దులు ఏర్పరచువారు ఈ రెండింటి నడుమ త్రోవను వెదకవలెను. ఆ హద్దులను నెమ్మది వేళ, పాత చిట్టాలను చదివి ఏర్పరుపవలెను గాని, గంట మ్రోగుచున్నప్పుడు తొందరలో మార్చరాదు. హద్దు తప్పని తోచినచో పని నాపి, కారణమును పరిశీలించి, మార్పును చిట్టాలో వ్రాసి మరీ మార్చవలెను. యంత్రమునకు విచక్షణ లేదు. నెమ్మది వేళ మనము చేసిన ఆలోచనను అది ఆపదవేళ మనకు జ్ఞప్తి చేయును. దానిని వినుటయా, త్రోసివేయుటయా అను భారము మాత్రము ఎప్పటికిని మనదే.